భివండి నగరపు గాలి – ఋతుభేదములు

మహారాష్ట్రమునందు తెలుగువారు తరతరములుగా స్థిరపడిన పట్టణములలో షోలాపురముతోపాటు భివండి పేర్కొనదగినది. ముంబయికి ఈశాన్యమున, ఠాణా జిల్లాలో, కామవారీ నదీతీరమునగల యీ నగరమునకు తెలంగాణా జిల్లాలనుండి పద్మశాలీలు వలసవచ్చి సాంచెల పనితో జీవించుచున్నారు. పద్మానగరు వీధులలో నేటికిని తెలుగు వినవచ్చును. శ్రావణమున తేటగానుండు ఇచ్చటి ఆకాశము పుష్యమాసపు ఉదయములందు బూడిదరంగు దాల్చును. చలికాలమున పొగ యెక్కువగా పుట్టుటయే యిందుకు కారణమని పలువురు తలంతురు. అది కొంతవరకే నిజము.

ఇటుకబట్టీలు వానలు వెలిసిన పిమ్మటనే మండునన్నమాట వాస్తవమే. కాని తక్కినవన్నియు ఏడాది పొడుగునను ఉన్నవే: పడుగునూలునకు గంజి పట్టించు సైజింగు కర్ఖానాల బాయిలర్లు, గోదాములకు వచ్చిపోవు లారీలు, ముంబయి-నాసిక్ రహదారి ధూళి, కట్టడముల దుమ్ము, చెత్తమంటలు. ముఖ్యముగా మారునది పొగ కాదు. దానిని మోసికొనిపోవలసిన గాలి.

మృగశిరకార్తె ప్రవేశించిన కొలది దినములకు, సాధారణముగా జూన్ 11 ప్రాంతమున, ముంబయి తీరమునకు నైరుతి ఋతుపవనము చేరును. సముద్రముమీదుగా వచ్చు బలమైన గాలి పొగను చెదరగొట్టును, వాన ధూళిని కడిగివేయును. అక్టోబరులో ఆ గాలి వెనుదిరుగును. అంతట చిక్కు మొదలగును.

సాధారణముగా నేలనుండి పైకి పోయినకొలది గాలి చల్లబడును. కిలోమీటరు ఎత్తునకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గును. చలికాలపు నిర్మలమైన రాత్రులందు నేల తన వేడిని త్వరగా కోల్పోవుటచే, నేలనంటిన గాలి చల్లబడి, దానిపైని గాలి వెచ్చగా నిలుచును. దీనినే ఉష్ణవిలోమమందురు. చల్లని గాలి బరువైనది గనుక పైకి లేవదు. వంటపాత్రపై మూత పెట్టినట్లు పొగయంతయు క్రిందనే నిలిచిపోవును. పొట్టి పొగగొట్టములవలన నీ సమయమున ప్రయోజనము స్వల్పము. ప్రొద్దెక్కి నేల వేడెక్కినగాని ఆ మూత తొలగదు.

భివండికి మరియొక చిక్కు కలదు. పగటి సముద్రపుగాలి పడమటినుండి ముంబయి, ఠాణా నగరములను దాటి ఇచ్చటికి చేరును. రాత్రి నేలగాలి తూర్పునుండి వీచును. చలికాలమున రెండును బలహీనములే. కావున మహానగరపు పొగ, మన పొగ కలిసి ఉయ్యాలవలె ఇటునటు ఊగుచుండును. 2022-23 శీతకాలమున ముంబయి గాలి కొన్నిదినములు ఢిల్లీ గాలికంటెను చెడ్డదైనది. పసిఫిక్ సముద్రపు లానినా స్థితివలన తీరపుగాలులు మందగించుటయే యిందుకొక కారణమని కొందరు శాస్త్రజ్ఞులు వివరించిరి.

ఊపిరితిత్తుల లోతులకు చేరునవి 2.5 మైక్రానులకు లోబడిన కణములు; అవి తలవెండ్రుక మందములో దాదాపు ముప్పదియవ వంతు. ఘనపు మీటరు గాలిలో వీని సగటు 24 గంటలకు 60 మైక్రోగ్రాములు మించరాదని 2009లో మన దేశము హద్దు నిర్ణయించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించిన హద్దు 15 మాత్రమే. ఇచ్చట గమనింపవలసినది 'సగటు' అను మాట. మధ్యాహ్నపు మంచిగాలి వేకువజామున నున్న చెడ్డగాలిని లెక్కలో కప్పిపుచ్చును. రాత్రి షిఫ్టు ముగించి ఇంటికి నడచువాడును, ఏడుగంటల బడికి పోవు పిల్లవాడును పీల్చునది సగటు గాలి కాదు, మూతక్రింది గాలి.

కావున మార్గశిరమునుండి మాఘమువరకు వ్యాహ్యాళి తొమ్మిదిగంటల తరువాత, కిటికీలు తెరచుట మధ్యాహ్నమున మేలు. ముక్కునకు కట్టిన చేతిరుమాలు ఈ సూక్ష్మకణములను ఆపజాలదు; ఎన్-95 ముసుగు చాలవరకు ఆపును. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి. చల్లారిన బాయిలరును రాజవేయునప్పుడే పొగ మిక్కుటము. ఆ పని వేకువన గాక ప్రొద్దెక్కిన పిమ్మట చేయుటకును, ప్లాస్టిక్కు, గుడ్డపీలికలు మండింపకుండుటకును సైజింగు యజమానులు (వారిలో మనవారును కలరు) ఒడంబడినచో, ఖర్చు స్వల్పము, ఫలము అధికమని నా అభిప్రాయము.

ఫాల్గుణము వచ్చుసరికి ఎండ ముదిరి, మూత పెందలకడనే తొలగును. సాంచెల షెడ్డులోని నూలుదుమ్ము మాత్రము ఏ ఋతువునను తగ్గదు. వీధిలో నెలకొల్పిన యంత్రము దానిని లెక్కింపదు.