పెట్టెలో వచ్చిన పంచకల్యాణి

జానపద చిత్రాల్లో రాకుమారుడికి పంచకల్యాణి ఉండి తీరాలి. అది ఎక్కడిదీ, ఎంతకి కొన్నాడూ, మేత ఎవరు వేస్తున్నారూ అని ఏ ప్రేక్షకుడూ అడగడు. ఈల వేస్తే వస్తుంది, ఎక్కితే గాల్లో తేలిపోతుంది, అంతే! ఇప్పటి కుర్రకారు కలల్లోకి వస్తున్న పంచకల్యాణికి నాలుగు కాళ్లు లేవు. రెండు సన్నటి చక్రాలు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, నల్లగా నిగనిగలాడే ఒళ్లు. పేరు కార్బన్ రోడ్ బైక్. ఈల వేస్తే రాదు గానీ, సెల్‌ఫోన్ మీద వేలు నొక్కితే అట్టపెట్టెలో ఇంటికొస్తుంది.

మరి మేత ఎవరు వేస్తారు? జబ్బు చేస్తే వైద్యం ఎవరు చేస్తారు? సినిమాలో అడగం గానీ, రెండు లక్షలు పోసి కొనేవాడు అడక్కపోతే కుదరదు. అందులోనూ అతగాడు బంజారాహిల్స్‌లో కాక మహబూబాబాద్ జిల్లా కురవిలో ఉంటే! ఈ రచయిత అలాంటి సైకిలొకటి తెప్పించుకుని ఏడాదిగా కురవి, మరిపెడ, మానుకోట రోడ్ల మీద తొక్కుతున్నాడు గనక ఆ ముచ్చట్లు కుర్ర పాఠకుల ముందు పెడుతున్నాం.

ఏమిటీ కార్బన్?

పాలక్యాన్లు మోసే మన నల్ల సైకిలు బరువు 20 కిలోలకు అటూ ఇటూ. కార్బన్ సైకిలు చక్రాలతో సహా తూచినా ఏడెనిమిది కిలోలే. అందులో ఫ్రేము ఒక్కటే తీస్తే సుమారు ఒక కిలో! ఒంటి చేత్తో ఎత్తి డాబా మెట్లెక్కొచ్చు. పోటీ సైకిళ్లు మరీ తేలికైపోతున్నాయని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 2000లో ఒక గీత గీసింది: 6.8 కిలోలకు తగ్గకూడదు అని.

ఇందులో ఇనప గొట్టాలు లేవు, వెల్డింగ్ లేదు. వెంట్రుక కంటే సన్నటి కార్బన్ పోగుల్ని జిగురు పట్టించిన పలచటి పట్టీలుగా చేస్తారు. ఆ పట్టీల్ని అచ్చులో ఒకదాని మీద ఒకటి పేర్చి, వేడి పెట్టి గట్టిపరుస్తారు. పోగు ఏ దిక్కుగా పరిస్తే ఆ దిక్కున బలం. చీర అంచుకో నేత, ఒంటికో నేత వేసినట్టు, పెడల్ దగ్గర బిగువుగా, సీటు కింద కాస్త ఒదుగుగా పేర్చుకుంటూ పోతారన్నమాట. ఈ పని చాలా భాగం తైవాన్, చైనాల్లో జరుగుతోంది.

1986లో అమెరికా వీరుడు గ్రెగ్ లెమాండ్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది కార్బన్ ఫ్రేము మీదే. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు చెందిన క్రిస్ బోర్డ్‌మన్ లోటస్ వారి కార్బన్ సైకిలెక్కి బంగారు పతకం పట్టుకెళ్లాడు. అప్పట్నుంచీ పోటీల్లో ఉక్కు కథ కంచికి చేరింది!

అంగడి లేని అమ్మకం

జర్మనీలో కొబ్లెంజ్ అనే ఊరుంది. అక్కడ 1985లో సైకిల్ దుకాణం పెట్టిన రోమన్ ఆర్నాల్డ్ తరవాత కాన్యన్ పేరుతో సొంత సైకిళ్లు మొదలెట్టాడు. ఊరూరా డీలర్లను పెట్టకుండా సరుకును సరాసరి కొన్నవాడి ఇంటికే పంపే పద్ధతి పట్టుకున్నాడు. మొదట్లో నవ్వినవాళ్లున్నారు. 2014లో కొలంబియా కుర్రాడు నైరో కింతానా ఇటలీ మహాపోటీ జీరో గెలిచింది కాన్యన్ మీదే. 2023లో గ్లాస్గోలో మాథ్యూ వాన్ డెర్ పోల్ ప్రపంచ విజేత అయిందీ దాని మీదే. నవ్వినవాళ్లు నోరు మూసుకున్నారు. ఇప్పుడు ఆ బాట పట్టిన కంపెనీలు బోలెడు.

మధ్యలో దుకాణం లేదు గనక దుకాణదారుడి వాటా మనకి మిగులుతుంది. నిజమే! అయితే విదేశీ సరుకైతే సుంకం సంగతి మరవకండి. 2023 కేంద్ర బడ్జెట్‌లో దిగుమతి సైకిళ్ల మీద సుంకాన్ని 30 నుంచి 35 శాతానికి పెంచారు. సైకిళ్ల మీద జీఎస్టీ మాత్రం 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతానికి దిగింది. అదొక ఊరట.

సరే, పెట్టె వచ్చింది. విప్పితే ముందు చక్రం విడిగా, సీటు విడిగా, హ్యాండిలు పక్కకి తిప్పి కట్టేసి. ఎంత వెతికినా పెడల్స్ కనపడవు! గాబరా పడకండి. ఈ తరహా సైకిళ్లకి చాలావాటికి పెడల్స్ ఇవ్వరు. ఎవరి బూటుకి తగ్గవి వాళ్లే కొనుక్కోవాలట. రెండు లక్షల గుర్రానికి రికాబులు లేవన్నమాట!

మనకొచ్చిన పెట్టెలో ఇంకో విశేషం కూడా ఉంది. వెనక గేరును పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క, హ్యాంగర్ అంటారు, దార్లో ఎక్కడో దెబ్బ తిని వంగిపోయింది. అరచేతిలో సగం ఉండదు. అది వంగితే గేర్లు పడవు. కంపెనీ పేరెందుకు లెండి, ఫొటోలు పంపమన్నారు, పంపాం. మళ్లీ పంపమన్నారు, మళ్లీ పంపాం. ఆ ముక్క చేతికొచ్చేసరికి 18 రోజులు. అన్నాళ్లూ పంచకల్యాణి గోడకి ఆనుకుని నిలబడింది. అదే బజార్లో దుకాణమైతే ఎదురుగా కూచుని నిలదీద్దుం గదా!

"బుల్లెట్ బండి వస్తుండె గద సారూ!"

కురవి అనగానే గుర్తొచ్చేది కోరమీసాల వీరభద్రస్వామి. 2017 శివరాత్రికి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బంగారు కోరమీసాలు మొక్కు చెల్లించింది ఈ స్వామికే. జాతర నాళ్లలో ఇసకేస్తే రాలనంత జనం. కొత్త బండి కొంటే గుడి ముందు నిలబెట్టి, కొబ్బరికాయ కొట్టి, టైరు కింద నిమ్మకాయ పెట్టడం మనవాళ్ల ఆనవాయితీ. మనమూ పెట్టాం. బొటనవేలు వెడల్పు టైరు పక్కకి జారింది గానీ నిమ్మకాయ నలగలేదు! చూసినవాళ్లు నవ్వారు.

అక్కణ్ణుంచి పంచర్ షాపుకి. "గాలి కొట్టు అన్నా" అంటే మెకానిక్ సైకిల్ని ఒక చేత్తో లేపి, కింద పెట్టి, మళ్లీ లేపాడు.

"గింత అల్కగున్నదేంది సారూ? ఇనుమే లేదా దీంట్ల?"

"లేదన్నా, కార్బన్."

"ఎంత పడ్డది?"

చెప్పాను. అతను రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు. "రెండు లక్షలా! బుల్లెట్ బండి వస్తుండె గద సారూ!"

అసలు చిక్కు తరవాత వచ్చింది. దీని ట్యూబుకి ఉండేది ప్రెస్టా వాల్వు. సన్నగా పొడుగ్గా ఉంటుంది. మన పంపు దానికి పట్టదు, మోటార్‌సైకిళ్లకి గాలి కొట్టే పైపూ పట్టదు. బఠాణీ గింజంత ఇత్తడి తొడుగు ఒకటుంటే చాలు, అన్నిచోట్లా గాలి దొరుకుతుంది. ఆ తొడుగు జేబులో లేనివాడు కురవి నుంచి మానుకోట దాకా పది కిలోమీటర్లు నడుచుకుంటూ పోవాల్సిందే. ట్యూబులూ అంతే. ఈ కొలతవి ఇక్కడ దొరకవు, రెండు ముందే తెప్పించి పెట్టుకోవాలి.

బిగించడం ఇంకో విద్య. ఇనప సైకిలుకి పానా పెట్టి బలం కొద్దీ తిప్పితే ఏమీ కాదు. కార్బన్‌కి అలా తిప్పితే లోపల పోగులు నలిగిపోతాయి. సీటు గొట్టం దగ్గర సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల బిగువు. అది కొలిచే టార్క్ రెంచి ఉండాలి. గ్రీజు బదులు గరుకు పొడి కలిసిన ప్రత్యేకమైన పేస్టు రాయాలి. ఇవన్నీ దుకాణదారుడి పనులు. అతని వాటా మిగిలిందని సంబరపడ్డాం గదా, ఆ వాటాతోపాటు అతని పని కూడా మన నెత్తికొచ్చింది!

వడ్ల మీద చక్రం

కురవి మీదుగా పోయే 365వ జాతీయ రహదారి మీద తెల్లవారుజామున తొక్కితే ఆ హాయి వేరు. మరిపెడ వైపు పోతుంటే రెండు పక్కలా వరి, పత్తి, మిర్చి తోటలు. చెయిను చప్పుడు కూడా వినపడదు. గాలి తప్ప ఇంకేం అడ్డం రానట్టుంటుంది.

అడ్డం వచ్చేవి కోతల కాలంలో వస్తాయి. రైతుకి కల్లం చాలదు, రోడ్డు పక్కనే వడ్లు ఆరబోస్తాడు. అతన్ని ఏమనగలం? కిందటి కోతల్లో ఓ పొద్దున ఎదురుగా లారీ వస్తే పక్కకి తప్పుకున్నాను. ముందు టైరు వడ్ల మీద జర్రున జారింది. మోచేయి గీరుకుపోయింది. హెల్మెట్ కాస్త సొట్టపోయింది, తల మాత్రం పదిలం. సైకిలు చూస్తే ముందు ఫోర్కు మీద వెంట్రుకంత గీత!

ఆ గీతే అసలు కథ. ఇనుము దెబ్బ తింటే వంగి చూపిస్తుంది. కార్బన్ చాలాసార్లు పైకి చూపించదు. లోపల పొరలు విడిపోయినా పైన రంగు నవ్వుతూనే ఉంటుంది. తరవాత ఏ పూటో, 40 కిలోమీటర్ల వేగంలో, ఫోర్కు పుటుక్కుమంటే పళ్లూ ముక్కూ ఏరుకోవాలి. అది ఉత్త రంగు గీతా, పగులా? రూపాయి బిళ్లతో తట్టి చప్పుడు వినడం ఒక పద్ధతి. బాగున్న చోట టక్కుమంటుంది, పొరలు విడిన చోట బొద్దుగా పలుకుతుంది. అయితే ఆ చప్పుడు నమ్మి ప్రాణం పణంగా పెట్టలేం గదా! అడుగుదామంటే అమ్మినవాడు ఎక్కడో ఉన్నాడు.

మళ్లీ ఆ అట్టపెట్టెలోకే సర్ది, మానుకోట స్టేషన్లో రైలెక్కించి హైదరాబాద్ తీసుకెళ్లాను. తెలిసినవాళ్ల చేత ఫోర్కు విప్పించి లోపలా బయటా చూపిస్తే తేలింది, రంగు మాత్రమే. మూడు వారాల దిగులు అప్పుడు దిగింది. పగులే అయితే ఫోర్కు మొత్తం మార్చాల్సి వచ్చేది.

ఇక మన రంగానికి వద్దాం

సైకిల్ పోటీ మీద వచ్చిన చిత్రాల్లో మేటి 1979 నాటి హాలీవుడ్ చిత్రం 'బ్రేకింగ్ అవే'. దర్శకుడు పీటర్ యేట్స్. స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ కూడా వచ్చింది. హీరో రాతి గనుల్లో పనిచేసినవాడి కొడుకు. ఇటలీ పిచ్చి. చేతిలో ఖరీదైన ఇటలీ సైకిలు. తీరా అతను ఆరాధించే ఇటలీ వీరులే పోటీలో అతని చక్రంలో పంపు దూర్చి పడగొడతారు! పతాక సన్నివేశంలో 'లిటిల్ 500' పోటీ. అక్కడి నిబంధన ఏమిటో తెలుసా? అన్ని జట్లకీ ఒకే రకం సైకిళ్లు, గేర్లు లేనివి! మన హీరో గెలిచింది ఆ మామూలు సైకిలు మీదే.

1992లో మన్సూర్ ఖాన్ దర్శకత్వంలో ఆమిర్ ఖాన్ నటించిన 'జో జీతా వొహీ సికందర్' పతాక సన్నివేశం కూడా సైకిల్ పోటీయే. ఆ తరహా కథనే 1999లో తెలుగులో పవన్ కల్యాణ్ 'తమ్ముడు'గా చూశాం. కానీ సైకిలు మాయమై కిక్ బాక్సింగ్ వచ్చింది! మన ప్రేక్షకుడు సైకిలు మీద హీరోని ఒప్పుకోడనుకున్నారో ఏమో. సాధనమేదైనా, చివరి రీలులో గెలిపించింది మాత్రం ఒళ్లు వంచి చేసిన సాధనే.

శాస్త్రం కూడా దాన్నే బలపరుస్తోంది. చదునైన రోడ్డు మీద గంటకి 25 కిలోమీటర్లు దాటితే మనల్ని వెనక్కి లాగేది ప్రధానంగా గాలి. సైకిలు బరువు కాదు. బరువు తగ్గిన లాభం బాగా తెలిసేది కొండ ఎక్కేటప్పుడు. కురవి నుంచి మరిపెడకి కొండలెక్కడున్నాయి? వంగి కూచునే తీరు, మంచి టైర్లు, గేర్లు, ఇవే అసలు వేగం. అవి ముప్ఫై నలభై వేల అల్యూమినియం సైకిలుకీ ఉంటాయి. అది పడితే సొట్టపడి చెబుతుంది కూడా!

అయితే కార్బన్ వద్దా? వద్దనడం లేదు. తెల్లారగట్ల దాని మీద పోతుంటే కలిగే సంతోషం అబద్ధం కాదు. కొనేముందు మాత్రం మూడు ప్రశ్నలు వేసుకోండి. పానా పట్టడం వచ్చా? ట్యూబులు, హ్యాంగర్, టార్క్ రెంచి ఇంట్లో ఉన్నాయా? పడ్డప్పుడు పగులు చూసి చెప్పే మనిషి ఎవరో, ఎంత దూరంలో ఉన్నాడో తెలుసా? మూడింటికీ అవునంటే నొక్కండి వేలు! లేదంటే ముందు కాళ్లు, తరవాతే కార్బన్.

పంచకల్యాణి ఎక్కిన ప్రతివాడూ రాకుమారుడు కాడు సుమా! దానికి మాలీసు చెయ్యడం తెలిసినవాడే కడదాకా స్వారీ చేస్తాడు.