ముసుగు కోడ్ గుట్టు ఎలా తెలుస్తుంది?

జావాస్క్రిప్ట్‌లో ‘ఇవాల్’ అనే ఫంక్షన్ ఉంది. అక్షరాల వరుసను ఇస్తే దాన్నే ప్రోగ్రాంగా నడిపేస్తుంది. వైరస్‌లు రాసేవాళ్లకు ఇది భలే వాటం. అసలు ఆదేశాలను అంకెలుగా చెదరగొట్టి, ఆఖరి క్షణంలో అతికించి ఇవాల్ చేతిలో పెడతారు. అలాంటి కోడ్‌ను చదివి ఛేదించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది!

అందుకే నిపుణులు జావాస్క్రిప్ట్‌ను నడిపే ఇంజిన్‌నే, అంటే ఇంటర్‌ప్రెటర్‌నే మార్చేస్తారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లోని ఇలాంటి ఇంజిన్ స్పైడర్‌మంకీ సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. అందులో ఇవాల్ పని మొదలయ్యే చోట, తనకు అందిన అక్షరాలను ముందు ఫైల్లో రాసుకోమని చేరుస్తారు. ఎన్ని మెలికలు తిప్పినా, ఇవాల్‌తో నడవాల్సిన కోడ్ ఇక్కడికి రావాల్సిందే.

స్క్రిప్టులోనే నకిలీ ఇవాల్ పెడితే సరిపోదా? చిక్కుంది. వైరస్ ఆ ఫంక్షన్‌ను అక్షరాలుగా మార్చి చూస్తే, అసలుదైతే ‘నేటివ్ కోడ్’ అని కనిపిస్తుంది. నకిలీదైతే మనం రాసిందే బయటపడుతుంది. ఇంజిన్ లోపలి నిఘా అలా దొరకదు. ఈ పరీక్షలన్నీ విడిగా ఉంచిన కంప్యూటర్‌లోనే సుమా!