సర్రా వ్యాధి నిర్ధారణలో అణుస్థాయి పరీక్షలు - వాటి మూల్యాంకనం

అంగళ్లు సంతలో ఒక రైతు పాడి గేదెను కొన్నాడనుకుందాం. అది మేత మేస్తున్నది, పాలిస్తున్నది, జ్వరం లేదు. అయినప్పటికీ దాని రక్తంలో ట్రిపనోసోమా ఇవాన్సీ అనే ఏకకణ పరాన్నజీవి దాగి ఉండవచ్చును. వర్షాలు పడి జోరీగలు ముసిరినప్పుడో, ఈనిన నీరసంలోనో అది విజృంభిస్తుంది. విడిచి విడిచి జ్వరం రావడం, రక్తహీనత, చిక్కిపోవడం, ఈసుకుపోవడం, కొన్నిటిలో గుండ్రంగా తిరగడం ఈ సర్రా వ్యాధి లక్షణాలు.

ఈ పరాన్నజీవిని 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ గుర్తించాడు. ఆఫ్రికాలో మానవులకు నిద్రజబ్బు కలిగించే ట్రిపనోసోమా బ్రూసీకి ఇది అతి సమీప బంధువు. అక్కడ సెట్సీ ఈగ దేహంలో పరాన్నజీవి పెరుగుతుంది. ఇక్కడ జోరీగ నోటికంటిన రక్తమే చాలు. సర్రా సాధారణంగా మనుషులకు సోకదు. అయితే 2004లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు సోకింది. పరాన్నజీవిని చంపే ఎపోఎల్-1 అనే ప్రోటీను అతని రక్తంలో పనిచేయకపోవడమే కారణమని తేలింది.

సూక్ష్మదర్శిని కింద రక్తపు పొరను చూడడం చౌకైన పరీక్ష. జ్వరం ఉన్నప్పుడు పరాన్నజీవి సులభంగా కనిపిస్తుంది. జ్వరం లేనప్పుడు తరచు కనిపించదు. ప్రతిరక్షకాలను చూసే పరీక్షలలో వేరొక చిక్కు ఉంది: వ్యాధి నయమైన తర్వాత కూడ నెలల తరబడి అవి రక్తంలో ఉంటాయి. పి.సి.ఆర్. పరాన్నజీవి డి.ఎన్.ఎ.నే వెదకుతుంది. వేల సార్లు పునరావృతమయ్యే ఖండాన్ని ఎంచుకున్న టి.బి.ఆర్. పరీక్షకు సున్నితత్వం ఎక్కువ. అది బ్రూసీని, ఇవాన్సీని వేరుచేయలేదు. బ్రూసీ లేని మన దేశంలో అది పెద్ద లోపం కాదు. రోటాట్ 1.2 జన్యువును వెదకే పరీక్ష ఇవాన్సీకి మరింత నిర్దిష్టమైనదే గాని, ఆ జన్యువు లేని బి రకాన్ని వదిలివేస్తుంది.

పరీక్షను తూచేటప్పుడు చాలామంది పొరబడే స్థానం ఒకటున్నది. సున్నితత్వం, నిర్దిష్టత రెండూ నూటికి 95 ఉన్న పరీక్షను తీసుకుందాం. వేయి పశువులలో 20కి వ్యాధి ఉంటే 19 పట్టుబడతాయి. కాని ఆరోగ్యంగా ఉన్న 980లో 49 కూడ వ్యాధిగ్రస్తమైనవిగా తేలుతాయి. వెరసి 68లో నిజమైనవి 19 మాత్రమే. అదే పరీక్షను జ్వరంతో, రక్తహీనతతో వచ్చిన వంద పశువులపై జరిపి, వాటిలో 40కి వ్యాధి ఉన్నదనుకుంటే, వ్యాధి ఉన్నదని చెప్పిన 41లో 38 నిజమైనవి. పరీక్ష మారలేదు, పశువుల గుంపు మారింది. కనుక సంతలోని పశువులన్నిటికీ ఒకే పరీక్ష జరిపి క్వినాపైరమిన్ సూది వేయడం నా దృష్టిలో సరికాదు. మందు ఖర్చు అటుంచి, మందుకు లొంగని పరాన్నజీవులు పెరుగుతాయి.

పి.సి.ఆర్.లో వ్యాధి లేదని వచ్చినంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. పరాన్నజీవి తన పై పొర ప్రోటీనును మార్చుకొంటూ ఉండడం వల్ల రక్తంలో దాని సంఖ్య పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తీసిన కొద్దిపాటి రక్తంలో అది లేకపోతే ఎంతటి పరీక్షయినా చూపజాలదు. అనుమానం ఉన్న పశువుకు కొన్ని రోజుల వ్యవధితో మరల పరీక్ష చేయాలి. ఈ.డి.టి.ఏ. గొట్టంలో రక్తం తీసి, మంచుపెట్టెలో ప్రయోగశాలకు పంపాలి.

పలమనేరు పశు పరిశోధనా స్థానంలో పెంచుతున్న పుంగనూరు జాతి వంటి, తక్కువ సంఖ్యలో మిగిలిన మందల విషయంలో లెక్క తిరగబడుతుంది. అక్కడ ఒక్క వ్యాధిగ్రస్త పశువు తప్పిపోయినా నష్టం పెద్దది. కొత్తగా తెచ్చిన పశువును వేరుగా కట్టి, ముందు సున్నితమైన పరీక్ష చేసి, వ్యాధి ఉన్నదని వచ్చినవాటిని రెండవ పరీక్షతో ధ్రువపరచుకొని, వ్యాధి లేదని తేలినవాటినే మందలో కలపాలి.