వంశమధుమేహము - కాలేయమునందలి కంతులు

మధుమేహము నడివయస్సున స్థూలకాయులకే వచ్చునని మనలో ననేకుల నమ్మకము. కాని తాతకు, తల్లికి, బిడ్డకు వరుసగా, తరచు 25 ఏండ్లు నిండకమునుపే, బక్కపలుచని వారికిని వచ్చు మధుమేహ మొకటి కలదు. ఇందొక రకమునకు హెచ్.ఎన్.ఎఫ్.1ఎ యను జన్యువునందలి లోపము కారణమని 1996లో తెలిసినది. తల్లిదండ్రులలో నొకరికీ లోపమున్నచో ప్రతి బిడ్డకును సగముపాలు సంక్రమించు నవకాశము కలదు.

ఈ జన్యువు కాలేయమునందును పనిచేయును. ప్రతి కణమునందును దీని ప్రతులు రెండుండును. పుట్టుకతో నొకటి చెడియుండగా, ఒకానొక కాలేయకణమున రెండవదియు చెడెనేని, ఆ కణము క్రొవ్వు నింపుకొని, పెరిగి కంతి యగును. ఇవి క్యాన్సరు కావు. అట్లు మారుటయు నరుదు. కాని పెద్దవైనచో చిట్లి కడుపులో నెత్తురు కారవచ్చును. 5 సెంటీమీటర్లు మించినచో భయము హెచ్చు. ఇట్టి కంతులు స్త్రీలకే యెక్కువ. ఈస్ట్రోజెనుగల గర్భనిరోధపు మాత్రలు వీనిని పెంచగలవు.

పెండ్లి కడ్డమగునని కూతురి మధుమేహమును దాచు తల్లులు కలరు. అది తగదు. సంగతి తెలియని వైద్యుడు ఆ మాత్రలనే వ్రాయవచ్చును గదా! ఉన్నది చెప్పి, జన్యుపరీక్షయు, కాలేయమునకు అల్ట్రాసౌండు పరీక్షయు నవసరమేమో యడుగుడు. వ్యాధి నిశ్చయమైనచో ననేకులకు ఇన్సులిన్ సూదులకు బదులు సల్ఫొనైల్‌యూరియా మాత్రలే చాలును. వైద్యుని యనుమతి లేక మాత్రము మందు మార్చరాదు.

బిడ్డకు సొమ్ములతోపాటు ఇంటి రోగముల చరిత్రయు తెలిపి పంపుట తల్లి ధర్మము.