వెబ్‌సైట్‌ ఉంటే చాలదు.. నమ్మకం కలిగించాలి

భూదాన్‌ పోచంపల్లి: చిన్న దుకాణదారు సైతం సొంత వెబ్‌సైట్‌ ఏర్పాటు చేసుకోవడం నేడు కష్టమైన పని కాదు. అయితే ప్రతి వెబ్‌సైటూ బేరం తెచ్చిపెట్టదు. ‘మా వద్ద అన్ని రకాల చీరలు లభించును’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే, చూసినవారు నిమిషంలో మరోచోటికి వెళ్లిపోతారు. యాదాద్రి భువనగిరి జిల్లా పోచంపల్లి ఇక్కత్‌ వంటి చేనేత వస్త్రాలకు ఈ నష్టం మరీ ఎక్కువ. భౌగోళిక గుర్తింపు పొందిన వస్త్రమే అయినా, ఆ డిజైన్లను అనుకరిస్తూ ముద్రించిన చౌక బట్టలు దాని పక్కనే అమ్మకానికి కనిపిస్తాయి. తెరపై రెండూ ఒకేలా ఉంటాయి. ఆ తేడాను విడమరచి చెప్పినప్పుడే అసలు నేతకు తగిన ధర దక్కుతుంది.

తేడా కళ్లకు కట్టాలి

ఇక్కత్‌లో ముందుగా నూలుకు ముడులు కట్టి రంగులు అద్దుతారు. ఆ తర్వాతే మగ్గంపై నేస్తారు. అందువల్ల డిజైన్‌ బట్టకు రెండు వైపులా దాదాపు ఒకే తీరుగా కనిపిస్తుంది. ముద్రించిన బట్ట వెనుకవైపు సాధారణంగా వెలిసినట్లు ఉంటుంది. కాబట్టి చీర మొత్తం, అంచు, కొంగులతో పాటు వెనుకవైపు ఫొటోను కూడా పగటి వెలుతురులో తీసి ఉంచాలి. పట్టా, నూలా, పొడవెంత, రవికె గుడ్డ ఉందా, ఎలా ఉతకాలి అన్న వివరాలు ధరతో సహా పేర్కొనాలి. చేనేత మార్క్‌, సిల్క్‌ మార్క్‌ లేబుళ్లు ఉంటే వాటినీ చూపాలి. ధర దాచి ‘ఫోన్‌ చేయండి’ అంటే చాలామంది వెనుదిరుగుతారు.

వెతికితే దొరకాలి

పేజీ శీర్షికగా ‘స్వాగతం’ అని రాస్తే అక్కడ ఏమి అమ్ముతున్నారో సెర్చ్‌ ఇంజిన్‌కు తెలియదు. ‘పోచంపల్లి డబుల్‌ ఇక్కత్‌ పట్టు చీర’ అని కొనుగోలుదారు వెతికే మాటలనే వాడాలి. ఒక్కో రకానికి ఒక్కో పేజీ కేటాయించాలి. తెలుగు సమాచారం యూనికోడ్‌లోనే ఉండాలి. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు శోధనలో దొరకడం కష్టం.

పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. చీరలు కొనేందుకు గ్రామానికి వచ్చేవారు దారిలోనే సెల్‌ఫోన్‌లో దుకాణాల కోసం వెతుకుతారు. గూగుల్‌లో ఉచితంగా లభించే వ్యాపార ప్రొఫైల్‌లో చిరునామా, పనివేళలు, ఫోన్‌ నంబరు సరిగా నమోదు చేస్తే దుకాణం మ్యాప్‌లో కనిపిస్తుంది. సిగ్నల్‌ తక్కువగా ఉన్నచోట కూడా పేజీ త్వరగా తెరుచుకునేలా ఫొటోల పరిమాణం తగ్గించాలి.

చట్టం ఏం చెబుతోంది?

వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్‌) నిబంధనలు 2020లో అమల్లోకి వచ్చాయి. వీటి ప్రకారం సొంత వెబ్‌సైట్‌ ద్వారా అమ్మేవారు సంస్థ పేరు, చిరునామా, ఫిర్యాదులు స్వీకరించే అధికారి వివరాలు ప్రదర్శించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. సరకు వాపసు, డబ్బు తిరిగి చెల్లింపు షరతులను స్పష్టంగా తెలపాలి. ఈ వివరాలు చట్టం కోసమే కాదు, ముఖం ఎరుగని వ్యాపారికి ముందుగా డబ్బు చెల్లించే వారికి ధైర్యాన్నిస్తాయి.

పేరు సొంతమై ఉండాలి

వెబ్‌సైట్‌ చిరునామా, అంటే డొమైన్‌, తయారుచేసిన వ్యక్తి పేరిట కాక దుకాణదారు పేరిటే నమోదై ఉండాలి. లేనిపక్షంలో ఇద్దరి మధ్య తేడాలు వస్తే ఏళ్ల తరబడి సంపాదించిన గుర్తింపు చేజారుతుంది. గడువులోగా రెన్యువల్‌ చేయించడం మరువరాదు. కేవలం ఉచిత పేజీలనే నమ్ముకోవడమూ క్షేమం కాదు. వ్యాపార ప్రొఫైళ్లతో పాటు ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లను గూగుల్‌ 2024 మార్చిలో నిలిపివేసింది.

వెబ్‌సైట్‌ ప్రారంభించాక దాన్ని అలాగే వదిలేయరాదు. అమ్ముడైన చీరలను తొలగించి, కొత్తవి చేర్చాలి. ఫోన్‌ చేసిన ప్రతి ఒక్కరినీ దుకాణం సంగతి ఎలా తెలిసిందో అడిగి రాసుకోవాలి. నెలాఖరున ఆ పుస్తకం తిరగేస్తే వెబ్‌సైట్‌కు పెట్టిన ఖర్చు గిట్టుబాటు అవుతోందో లేదో తేలిపోతుంది.