కళాశాల ప్రాంగణంలో రాక్ రౌటర్ అమరిక: పరిశోధన పత్రికల అందుబాటుతో దాని సంబంధం

వ్యాససంగ్రహం:
కళాశాల ప్రాంగణాన్ని అంతర్జాలంతో కలిపే రాక్ రౌటర్‌ను బిగించడం, తీగలు కలపడం, అమరికలు చేయడం అనే పనుల క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. పరిశోధన పత్రికల ప్రచురణకర్తలలో చాలామంది చందాదారు సంస్థను దాని బహిరంగ ఐ.పి. చిరునామాను బట్టి గుర్తిస్తారు. కాబట్టి విద్యాసంస్థ దృష్టిలో ఆ చిరునామాను నిర్ణయించే అమరికే కీలకమైనదనీ, దాని వివరాలు గుత్తేదారు దగ్గర కాక సంస్థ దగ్గర ఉండాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రౌటర్, రాక్, కన్సోల్, ఐ.పి. చిరునామా, నాట్, ఇ-పత్రికలు, కళాశాల గ్రంథాలయం.

1. ఉపోద్ఘాతం

ఒక వేసవి సెలవులలో మా కళాశాలలో పాత రౌటర్‌ను తీసి కొత్తదానిని బిగించారు. దానితోపాటు అంతర్జాల కనెక్షన్‌ను కూడా వేగం ఎక్కువ, వెల తక్కువ ఉన్న మరొక పథకానికి మార్చారు. గుత్తేదారు పంపిన యువకుడు ఒక్క పూటలో పని ముగించాడు. పచ్చదీపాలు వెలిగాయి, వెబ్‌సైట్లు తెరుచుకున్నాయి, బిల్లు మంజూరైంది. జూన్‌లో ఒక పరిశోధక విద్యార్థిని గ్రంథాలయంలో కూర్చొని తనకు అవసరమైన పత్రిక తెరిస్తే, వ్యాసం బదులు వెల చెల్లించమనే పుట వచ్చింది. లోపం చందాలో ఉందని గ్రంథపాలకుడు, ప్రచురణకర్తలో ఉందని శాఖాధిపతి, కంప్యూటరులో ఉందని ప్రయోగశాల సహాయకుడు అనుకున్నారు. వారం గడిచాక తెలిసిన సంగతేమిటంటే, చందా సజీవంగానే ఉంది. ప్రచురణకర్త దృష్టిలో మేము మేము కాకుండా పోయాము. సరిదిద్దుదామంటే రౌటర్ పాస్‌వర్డ్ కళాశాలలో ఎవరికీ తెలియదు.

రౌటర్ అమరికను గురించి సాంకేతిక గ్రంథాలు చాలా ఉన్నాయి. అవి ఇంజనీర్ల కోసం రాసినవి. ఆ పనికి సంతకం పెట్టే ఆచార్యులకు, దాని ఫలితాన్ని అనుభవించే పరిశోధకులకు ఏమి తెలిసి ఉండాలన్నదే ఈ వ్యాసంలో నా దృష్టి.

2. రౌటర్ చేసే పని

స్విచ్, రౌటర్ ఒకే రాక్‌లో ఒకే ఆకారంలో కనిపిస్తాయి కనుక రెండింటినీ ఒకటిగా భావించడం సహజం. స్విచ్ తన వీధిలోని ఇళ్ళన్నీ ఎరిగిన పోస్ట్‌మాన్ వంటిది. ఏ సంచి ఏ రైలెక్కాలో తేల్చే ఆర్.ఎం.ఎస్. కార్యాలయం వంటిది రౌటర్. ఒక నెట్‌వర్కు నుండి మరొక నెట్‌వర్కుకు వెళ్ళవలసిన ప్రతి సమాచార పొట్లం మీది గమ్యం చిరునామాను చదివి, తన దగ్గరి మార్గాల పట్టికతో సరిచూసి, తగిన ద్వారం గుండా పంపడం దాని పని. ఈ ఉపమానం కొంతదూరమే నడుస్తుంది. పంపినవారి చిరునామాను చెరిపి దాని స్థానంలో తన చిరునామా రాసే తపాలా కార్యాలయం లోకంలో లేదు. కళాశాల రౌటర్ మాత్రం రోజంతా ఆ పని చేస్తూనే ఉంటుంది. మా చిక్కుకు మూలం కూడా అక్కడే ఉంది.

3. రాక్‌లో బిగింపు

రాక్‌కు సరిపడే పరికరాల ముఖపు వెడల్పు 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు. ఎత్తును ‘యు’ అనే కొలతలో చెబుతారు. 1 యు అంటే 44.45 మిల్లీమీటర్లు. నిలువు పట్టీల మీది రంధ్రాలు సమదూరంలో ఉన్నట్లు కనిపించినా నిజానికి ఉండవు. వాటి మధ్య దూరం 15.9, 15.9, 12.7 మిల్లీమీటర్ల వరుసలో పునరావృతమవుతుంది. దగ్గరగా ఉన్న రెండు రంధ్రాల నడుమ ఒక యు ముగిసి మరొకటి మొదలవుతుంది. ఇది గమనించక ఒక రంధ్రం పైకో కిందికో బిగిస్తే పక్క పరికరానికి చోటు చాలదు. చతురస్రపు రంధ్రాలలో ముందుగా కేజ్ నట్లు కూర్చి, ఒకరు రౌటర్‌ను ఎత్తి పట్టుకోగా మరొకరు కింది మరలు మొదట, పై మరలు తరువాత బిగించాలి. కేజ్ నట్లను చేతి గోళ్ళతో కూర్చడం అందరూ చేసే పనే, అందరూ ఒకసారి రక్తం చూసే పనే.

బరువైన యు.పి.ఎస్. అడుగున ఉండాలి. రౌటర్ గాలిని ఏ వైపు నుండి పీల్చి ఏ వైపుకు వదులుతుందో చూసి, ఆ వైపులు మూసుకుపోకుండా చోటు వదలాలి. మన జిల్లాల ఎండలలో, ఏ.సి. లేని గదిలో, అద్దం తలుపు మూసిన రాక్‌లో పెట్టిన పరికరం ఎక్కువ కాలం మన్నదు.

విద్యుత్తు కంటే ముందు ఎర్త్ తీగ కలపాలి. విప్పేటప్పుడు చివరగా దాన్ని విప్పాలి. రౌటర్ చట్రానికి ఎర్త్ కోసం ప్రత్యేకంగా మర ఉంటుంది. ప్లగ్గు మూడో కాలు ఉన్నది కదా అని దీనిని వదిలేయడం మన దగ్గర సాధారణం. ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిపించాలి. అది 2, 3 వోల్టులకు మించితే ఎర్త్ గుంతను సరిచేయించిన తరువాతే ముందుకు వెళ్ళడం మేలు. రౌటర్‌కు రెండు విద్యుత్ సరఫరా యూనిట్లు ఉంటే రెండింటినీ ఒకే ప్లగ్గు పట్టీకి గుచ్చకూడదు. ఒకదానిని ఒక యు.పి.ఎస్.కు, రెండవదానిని వేరొక మూలానికి ఇవ్వాలి. రెండింటికీ డబ్బు చెల్లించి ఒక్కదాని ప్రయోజనమే పొందిన సంస్థలు కొల్లలు.

4. తీగలు

బయటి నుండి వచ్చే ఫైబర్ సాధారణంగా పసుపు తొడుగు గల సింగిల్ మోడ్ రకం. దానిని రౌటర్‌లో గుచ్చే చిన్న గ్రాహక–ప్రేషక యూనిట్‌ను ఎస్.ఎఫ్.పి. అంటారు. ఈ ఫైబర్‌లో కాంతి నడిచే గర్భం వ్యాసం సుమారు 9 మైక్రాన్లు మాత్రమే. మన తల వెంట్రుక దానికి ఎన్నో రెట్లు లావు. కంటికి కనిపించని ధూళి కణం కూడా సంకేతాన్ని అడ్డగించగలదు కాబట్టి కొనను శుభ్రం చేయకుండా గుచ్చకూడదు. అందులోని పరారుణ కాంతి కంటికి కనిపించదు, కానీ కంటికి హాని చేస్తుంది. వెలుగు వస్తున్నదా అని కొనలోకి తొంగిచూడరాదు. వచ్చే కాంతి బలం ఎంతో రౌటరే చెబుతుంది. 1310 నానోమీటర్ల గిగాబిట్ ఎల్.ఎక్స్. యూనిట్లకు ఆ బలం సుమారు −19 డి.బి.ఎం. కంటే తగ్గితే బంధం నిలకడగా ఉండదు. లోపలి వైపు రాగి తీగ ఒక్కొక్కటి 100 మీటర్లు మించరాదు. ప్రతి తీగకు రెండు కొనలలోనూ ఒకే గుర్తు అంటించాలి.

5. కన్సోల్

కొత్త రౌటర్‌తో మొదటి సంభాషణ నెట్‌వర్కు ద్వారా కాక కన్సోల్ ద్వారా జరగడం ఉత్తమం. చాలా రౌటర్లలో కన్సోల్ పోర్టు చూడడానికి నెట్‌వర్కు పోర్టులాగే ఉంటుంది. దాని నుండి ల్యాప్‌టాప్ యు.ఎస్.బి.కి ప్రత్యేకమైన తీగ కలిపి, ‘పుట్టి’ వంటి ప్రోగ్రాం తెరిచి, సాధారణంగా సెకనుకు 9600 బిట్ల వేగం, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ అని నిర్ణయించాలి. తెరపై అర్థంకాని గుర్తులు వస్తే వేగం సరిపోలేదని అర్థం. కొన్ని కొత్త పరికరాలు 115200 వేగాన్ని వాడతాయి. కన్సోల్ తెరిచిన తరువాతే రౌటర్‌కు విద్యుత్తు ఇస్తే, అది మేల్కొంటూ తన గురించి చెప్పుకునే ప్రతి మాటా తెర మీద చూడవచ్చు.

తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌ను ఇక్కడే మార్చాలి. ఆ మార్చేది కళాశాల ప్రతినిధి కావాలి. టెల్నెట్ పాస్‌వర్డ్‌ను దాపరికం లేకుండా తీగ మీద పంపుతుంది కనుక దానిని మూసి, ఎస్.ఎస్.హెచ్.ను మాత్రమే, అదీ నిర్వహణకు కేటాయించిన కంప్యూటర్ల నుండి మాత్రమే అనుమతించాలి.

6. చిరునామాల నిర్ణయం

ఐ.పి. నాలుగో రూపంలో చిరునామా 32 బిట్లది. కాబట్టి లోకమంతటికీ ఉన్నవి దాదాపు 429 కోట్లే. అందువల్ల సంస్థల లోపల వాడుకోవడానికి మూడు సముదాయాలను 1996లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1918 పత్రం ప్రత్యేకించింది: 10తో మొదలయ్యేవి, 172.16 నుండి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. ఇవి ప్రాంగణం దాటి చెల్లవు.

గుత్తేదార్లు అలవాటుగా 192.168.1 సముదాయాన్ని ఇచ్చి వెళతారు. దానిలో వాడుకకు వచ్చేవి 254 చిరునామాలు. ప్రతి విద్యార్థి జేబులోనూ ఫోను ఉన్న ఈ రోజులలో అవి మొదటి పీరియడ్ ముగిసేలోపు చెల్లిపోతాయి. ఆపై వచ్చినవారికి ‘కనెక్ట్ అయింది కానీ ఇంటర్నెట్ లేదు’ అనే అనుభవమే మిగులుతుంది. మరొక ఇబ్బంది కూడా ఉంది. అధ్యాపకుల ఇళ్ళలోని చిన్న రౌటర్లు కూడా చాలావరకు అదే సముదాయాన్ని వాడతాయి. ఇంటి నుండి వి.పి.ఎన్. ద్వారా కళాశాలకు కలిసినప్పుడు రెండుచోట్లా ఒకే చిరునామా ఉండి మార్గం గందరగోళమవుతుంది. కాబట్టి ప్రాంగణానికి 10.20తో మొదలయ్యే విశాల సముదాయాన్ని తీసుకొని, గ్రంథాలయానికి 10.20.10.0/24, ప్రయోగశాలలకు 10.20.20.0/24, కార్యాలయానికి 10.20.30.0/24, వసతిగృహానికి 10.20.64.0/20 అని పంచవచ్చు. చివరిదానిలో 4,094 చిరునామాలు వాడుకకు వస్తాయి. ఒకే తీగ మీద ఈ భాగాలను వేరువేరుగా నడిపించేవి వీల్యాన్‌లు. రౌటర్‌లోనూ స్విచ్‌లలోనూ వాటి సంఖ్యలు సరిపోలాలి.

బయటి వైపు సంగతి వేరు. సేవాసంస్థ ఇచ్చే స్థిర చిరునామా, ఉదాహరణకు 203.0.113.2/30 అనుకుందాం. (ఈ సముదాయం ఉదాహరణల కోసమే కేటాయించినది, వాస్తవంలో ఎవరిదీ కాదు.) ఈ /30లో పనికివచ్చేవి రెండే: ఒకటి మనది, రెండవది, 203.0.113.1, అవతలి కొనది. తెలియని గమ్యాలన్నింటికీ ఆ రెండవదే దారి అని రౌటర్‌కు చెప్పడాన్ని డిఫాల్ట్ మార్గం అంటారు. లోపలి చిరునామాలను చెరిపి బహిరంగ చిరునామా రాసే పనిని నాట్ అంటారు. ప్రచురణకర్తకు కనిపించేది నాట్ రాసిన చిరునామా మాత్రమే. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకంలో 30 ప్రచురణసంస్థల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ఇంతటి సంపద తలుపు తెరుచుకోవడం ప్రాంగణంలో చాలావరకు ఆ నాలుగు సంఖ్యల మీద ఆధారపడింది. ఎన్-లిస్ట్ వంటివి సభ్యుడికి విడిగా ఇచ్చే వాడుకపేరుతో పనిచేస్తాయి కనుక వాటికి ఈ చిక్కు లేదు.

మా రౌటర్ బయటి ద్వారం మీద కనిపించిన చిరునామా 100.72తో మొదలైంది. 100.64 నుండి 100.127 వరకు ఉన్న సముదాయం 2012లో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 6598 ప్రకారం సేవాసంస్థలు తమ లోపల వాడుకునేది. అంటే మా నాట్ వెనుక సేవాసంస్థ వారి మరొక నాట్ ఉంది. ఎవరో తెలియని అనేకమంది వినియోగదారులతో ఒకే బహిరంగ చిరునామాను పంచుకుంటున్నాము, అదీ మారుతూ ఉంటుంది. అటువంటి చిరునామాను ఏ ప్రచురణకర్తా చందాదారుగా నమోదు చేయడు. చవకైన పథకం చవకగా ఉండడానికి కారణాలలో ఇది ఒకటి. కొనుగోలు పత్రంలో ‘స్థిర బహిరంగ చిరునామా’ అనే మూడు మాటలు లేకపోవడం తప్ప ఇందులో ఎవరి మోసమూ లేదు.

వీలైతే సేవాసంస్థ నుండి అదనంగా ఎనిమిది చిరునామాల చిన్న సముదాయం, మన ఉదాహరణలో 203.0.113.8/29, తీసుకోవాలని నా అభిప్రాయం. గ్రంథాలయం, పరిశోధన విభాగాలు 203.0.113.10తోనూ, వసతిగృహం 203.0.113.11తోనూ బయటకు వెళ్ళేలా నాట్ నియమాలు రాయాలి. ఎందుకంటే ఒకే చిరునామా నుండి వందలకొద్దీ వ్యాసాలు యంత్రవేగంతో దిగుమతి అవుతుంటే ప్రచురణకర్త ఆ చిరునామాను నిలిపివేస్తాడు. ప్రాంగణమంతా ఒకే చిరునామా వెనుక ఉంటే, ఒక గదిలో ఎవరో నడిపిన ప్రోగ్రాం వల్ల సిద్ధాంతగ్రంథం సమర్పించబోయే పరిశోధకుడికి కూడా తలుపు మూసుకుంటుంది. వేరుచేస్తే నష్టం ఆ భాగానికే పరిమితమవుతుంది, కారణమూ త్వరగా దొరుకుతుంది.

7. గడియారం, భద్రపరచడం

రౌటర్ గడియారాన్ని భారత కాలమానానికి సరిచేసి, ఎన్.టి.పి. ద్వారా నిలకడగా ఉంచాలి. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలనీ, గడియారాలను ఎన్.ఐ.సి. లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతో సరిపోల్చాలనీ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. సమయం తప్పుగా ఉన్న లాగ్ ఏ విచారణకూ సాక్ష్యం కాదు.

చాలా రౌటర్లలో ఇప్పుడు నడుస్తున్న అమరిక ఒకటి, విద్యుత్తు పోయి వచ్చాక చదువుకునే అమరిక మరొకటి. మొదటిదానిని రెండవదానిలోకి విడిగా భద్రపరచకపోతే చేసిన పనంతా మొదటి కరెంటు కోతతో తుడిచిపెట్టుకుపోతుంది. మరికొన్నింటిలో మార్పును తాత్కాలికంగా అమలుచేసే వెసులుబాటు ఉంది. నిర్ణీత నిమిషాలలో ధ్రువీకరించకపోతే పాత స్థితి తిరిగి వస్తుంది. దూరం నుండి పనిచేసేటప్పుడు మన దారిని మనమే మూసుకోకుండా కాపాడేది ఇదే.

8. పని అప్పగింత

బిల్లు మంజూరు చేసే ముందు గుత్తేదారు ఎదుటే రౌటర్‌కు విద్యుత్తు తీసి మళ్ళీ ఇవ్వాలి. రెండు సరఫరాలు ఉంటే ఒక్కొక్కదానినే తీసి చూడాలి. తరువాత గ్రంథాలయం, ప్రయోగశాల, వసతిగృహం మూడుచోట్లా కూర్చొని, బహిరంగ చిరునామాను చూపే ఏదైనా వెబ్‌సైట్‌లో ఏ సంఖ్య కనిపిస్తుందో రాసుకోవాలి. చందా ఉన్న పత్రికలో ఒక వ్యాసం తెరిచి చూడాలి. పాత చిరునామా రద్దు కాబోతుంటే ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు, ప్రచురణకర్తలకు ముందుగానే రాసి, కొత్తది నమోదయ్యేవరకు పాత కనెక్షన్‌ను కొనసాగించాలి. ఒక నెల అదనపు అద్దె పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు మా రాక్ తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. ఏ పోర్టుకు ఏ తీగ, ఏ విభాగానికి ఏ సముదాయం, చివరి మార్పు తేదీ దాని మీద ఉన్నాయి. అమరిక ప్రతి గ్రంథపాలకుడి దగ్గర, పాస్‌వర్డ్ మూసిన కవరులో ప్రిన్సిపాల్ బీరువాలో ఉన్నాయి. గుత్తేదారు మారిన ప్రతిసారీ ఆ కవరు తెరిచి, పాస్‌వర్డ్ మార్చి, కొత్త కవరు మీద ఇద్దరు సంతకం చేస్తారు.