కొన్నవాడికే తాళం

ఆదోనిలో కంప్యూటర్ విప్పితే ముందు కనిపించేది దూది. జిన్నింగ్ మిల్లుల నుంచి ఎగిరొచ్చే నూగు ఫ్యాన్ రెక్కలకు పేరుకుంటుంది, లోపలి వేడి బయటికి పోదు, ఒకరోజు బోర్డు కాలిపోతుంది. ఎండాకాలం వస్తే కరెంటు కోతలకు హార్డ్ డిస్కులు పోతాయి. బోర్డు మార్చడం, విండోస్ మళ్లీ వేయడం మాకు రోజువారీ పని. మా రిపేరు అంగడి నడిచేదే దానిమీద. దొంగ కాపీలు ఆపేందుకు గేములకు తాళాలు తయారుచేసేవాళ్ల లెక్కలో మాత్రం ఈ దూదీ లేదు, ఈ కరెంటూ లేదు.

ఎమ్మిగనూరు నుంచి ఒక బట్టల అంగడి ఆయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. బెంగళూరులో కొన్న గేమ్, డబ్బాలో బిల్లు కూడా భద్రంగా ఉంది. మదర్‌బోర్డు మార్చేసరికి గేమ్ దాన్ని కొత్త కంప్యూటర్ అనుకుంది. ‘యాక్టివేషన్ల పరిమితి అయిపోయింది’ అని చెప్పి ఆగిపోయింది.

“బిల్లు సూపిచ్చినా ఒప్పుకోదా సార్?” అన్నాడు తండ్రి.

బిల్లు చూసే మనిషి అటువైపు ఉంటే కదా. కంపెనీకి ఇంగ్లీషులో మెయిల్ పెట్టి జవాబు కోసం ఎదురుచూడాలని చెప్పాను. పిల్లోడు గొంతు తగ్గించి, “నాయినా, మా ఫ్రెండు దగ్గర ఇదే గేము పెన్‌డ్రైవులో ఉండాది. దానికి ఈ తిప్పలేం లేవు” అన్నాడు. వాడి మాట నిజమే. దొంగ కాపీలో తాళాన్ని ముందే పీకేసి ఉంటారు. తాళంతో వేగాల్సింది డబ్బులిచ్చినవాడే.

ఇది మా ఒక్క ఊరి గోడు కాదు. 2008 సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ‘స్పోర్’ అనే గేమ్‌ను సెక్యూరామ్ తాళంతో విడుదల చేసింది. కొన్నవాళ్లు మూడు కంప్యూటర్లలో మాత్రమే యాక్టివేట్ చేసుకోవాలి. అమెజాన్‌లో జనం వేల సంఖ్యలో ఒక్క నక్షత్రం రేటింగులిచ్చి కడుపుమంట తీర్చుకున్నారు. తర్వాత కంపెనీ పరిమితిని ఐదుకు పెంచింది. అంత తాళం వేసినా, టొరెంట్‌ఫ్రీక్ అనే వార్తా సైటు లెక్క ప్రకారం ఆ ఏడాది టొరెంట్లలో అన్నిటికంటే ఎక్కువగా దించుకున్న గేమ్ అదే.

పాతకాలం తాళాలకు కాస్త సరదా అయినా ఉండేది. 1989 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’లో మొదటి లెవెల్ దాటగానే సీసాల గది వస్తుంది. గేముతో ఇచ్చిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరుసలోని పదం ఏ అక్షరంతో మొదలైతే ఆ సీసా తాగాలి. ఆ పుస్తకాన్ని జిరాక్స్ తీయించుకుంటే పని అయిపోయేది. పుస్తకం ఉన్నన్నాళ్లు గేమూ ఉంటుంది.

తర్వాత వచ్చిన సేఫ్‌డిస్క్ లాంటివి అలా కాదు. విండోస్ లోపలికి వెళ్లి తమ సొంత డ్రైవరును పెట్టుకునేవి. భద్రతకు ముప్పని 2015లో విండోస్ 10 దాన్ని లోపలికి రానివ్వలేదు. డిస్కు మీద గీత కూడా పడలేదు, గేమ్ తెరుచుకోదు. ఆ డిస్కులు మా అంగడికి ఇప్పటికీ వస్తుంటాయి.

దొంగ కాపీల మీద కంపెనీల కోపంలో న్యాయం లేదనను. ఒకప్పుడు మా వైపు ఒరిజినల్ డిస్కు చూసినవాళ్లే అరుదు. ఆ ధర మా జీతాలకు అందేది కాదు. 2015 నవంబరులో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల అంగడి రూపాయల్లో ధరలు పెట్టాక, నా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో కొని ఆడేవాళ్లు కనిపించసాగారు. తాళాలు చేయలేని పని ధర చేసిందని నా లెక్క.

మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చే రైతుకు ఈ గొడవ చెబితే చటుక్కున అర్థమవుతుంది. పంటలోంచి విత్తనం దాచుకునే, విత్తుకునే, పక్కవాడికిచ్చే హక్కు రైతుకు 2001 నాటి చట్టం 39వ సెక్షన్‌లో ఉంది. కానీ హైబ్రిడ్ పత్తి రెండో ఏడు అదే తీరున పండదు, ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. (అది విత్తనం గుణం, దానికి ఎవర్నీ తిట్టలేం.) గేమ్ కొన్నవాడిదీ అదే గతి. పోతుందనో పాడవుతుందనో భయపడి ప్రోగ్రామును బ్యాకప్ తీసుకోవచ్చని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, తాళం తీసుకోనివ్వదు. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ తాళం తప్పించడాన్ని రెండేళ్ల దాకా జైలుపడే నేరం చేసింది. హక్కుదారుకు గండి కొట్టే ఉద్దేశం ఉంటేనే అది నేరం, అంతవరకు నయం. విత్తనం దగ్గర ఆ 2001 నాటి చట్టం ఇంకాస్త గట్టిగా నిలబడింది. మళ్లీ మొలకెత్తకుండా చేసే టెర్మినేటర్ తరహా పరిజ్ఞానం ఉన్న రకాలను రిజిస్టర్ చేయకూడదని 29వ సెక్షన్‌లో రాసుకుంది. గేముల తాళాలకు అలాంటి హద్దు గీయలేదు.

హద్దు లేకపోతే ఏమవుతుందో ‘ది క్రూ’ కొన్నవాళ్లు చూశారు. ఉబిసాఫ్ట్ 2014లో తెచ్చిన ఈ కార్ల గేమ్‌ను ఒంటరిగా ఆడుకున్నా కంపెనీ సర్వరు పలకాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఆపైన కొన్నవాళ్ల ఖాతాల్లోంచి కూడా గేమ్‌ను తీసేశారు. ఆ కోపంతోనే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలుపెట్టాడు. యూరోపియన్ యూనియన్‌కు పెట్టుకున్న అర్జీకి 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటాయి.

ఇప్పుడు ఎవరైనా ఏ గేమ్ కొనాలని అడిగితే, నెట్ తీసేసినా ఎక్కుతుందో లేదో కనుక్కోమంటాను. జీఓజీ అనే అంగడి 2008 నుంచి తాళాల్లేని గేములే అమ్ముతోంది. ఇన్‌స్టాలర్ దించుకుని విడి హార్డ్ డిస్కులో దాచుకుంటే, మదర్‌బోర్డు ఎన్నిసార్లు మారినా అడిగేవాడుండడు. కొత్త గేములు చాలా అందులో దొరకవు, అది ఒప్పుకోవాల్సిందే. అలాంటప్పుడు తగ్గింపు ధర వచ్చేదాకా ఆగి, అద్దెకు ఎంత ఇస్తారో అంతే పెట్టమంటాను.